ముసురుకి సరిపడే వైపర్

వాన కుండపోతగా కురిస్తే మా కారుతో నాకే ఇబ్బందీ లేదు. వైపర్ ఫాస్ట్‌లో పెడితే టకటకా కొట్టుకుంటూ దాని పని అది చేసుకుపోతుంది. గొడవంతా ముసురుతోనే. పొద్దున్న మొదలై రాత్రి దాకా పడీ పడనట్టు పడే తుంపర ఉంటుంది చూడండి, అది అద్దాన్ని పూర్తిగా తడపదు, అలాగని పొడిగానూ ఉండనివ్వదు, నాలుగైదు సెకన్లకి ఒక్కసారి తుడిస్తే చాలు. మా కారు వైపర్‌కి అలా మధ్యలో ఆగి ఆగి తుడవడం తెలియదు. ఆఫ్, స్లో, ఫాస్ట్, అంతే. స్లోలో పెడితే రెండోసారికే అద్దం ఆరిపోయి రబ్బరు కీచుకీచుమంటుంది, ఆపేస్తే పది సెకన్లలో ముందున్న లారీ బ్రేకు లైటు ఎర్రటి ముద్దలా అలుక్కుపోతుంది. దాంతో కిందటి వర్షాకాలం విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా, అంటే దాదాపు 270 కిలోమీటర్లు, ఎడమచేత్తో వైపర్ కాడ కిందకీ పైకీ అంటూనే వచ్చాను. సూర్యాపేట దాటేసరికి మా ఆవిడ ఉండబట్టలేక, "ఏవండీ, ఆ పనికి ఏదైనా మిషను పెట్టించుకోకూడదూ, చూసేవాళ్లకే చెయ్యి నొప్పెడుతోంది" అంది.

అదీ మొదలు.

కారు మా నాన్నది, 1999లో కొన్నది. కంపెనీ పేరు చెప్పను, చెప్తే "మా దాంట్లో ఉందే, మీ దాంట్లో ఎందుకు లేదు" అని నలుగురు బయల్దేరతారు. ఆ రోజుల్లో ఒకే బండి ఖరీదైన రకంలో ఒకలా, చౌక రకంలో ఒకలా వచ్చేది. మాది చౌకది. దాని వల్ల నష్టపోయిందేమీ లేదు, ఈ ఒక్క ముసురు విషయంలో తప్ప.

ఆటోనగర్‌లో నాన్న ఉన్నప్పటి నుంచీ ఈ కారు వైరింగ్ చూసే పెద్దాయన ఉన్నారు, నేను బాబాయ్ అంటాను. ఆయన దగ్గరికెళ్లి అడిగితే, "అబ్బాయ్, రెడీమేడ్ రిలే దొరుకుద్ది, పెట్టేస్తా, అరగంట పని. ఐదు సెకన్లకోసారి కొడుద్ది" అన్నారు. రిలే అంటే చిన్న కరెంటు ఇస్తే పెద్ద కరెంటుని కలిపే, విడదీసే స్విచ్. ఐదు సెకన్లే ఎందుకు, తుంపర పలచగా ఉంటే పదిహేను, కాస్త చిక్కబడితే రెండు, అలా మనిష్టం వచ్చినట్టు తిప్పుకునేది కావాలన్నాను. "అట్టాంటిది నేను పెట్టను, నువ్వే చేసుకో, కాల్చుకున్నాక రా" అన్నారాయన నవ్వుతూ. కాల్చుకున్నాకే ఆయన్ని అడిగాను, ఆ సంగతి వస్తుంది.

ఈ ఆగి ఆగి తుడిచే వైపర్ వెనక ఓ మనిషి కథ ఉంది, అది చెప్పకుండా వైర్ల గొడవలోకి వెళ్లలేను. రాబర్ట్ కెర్న్స్ అని అమెరికా ఇంజనీరు. 1953లో పెళ్లయిన రాత్రి షాంపేన్ సీసా బిరడా ఎగిరొచ్చి ఎడమ కంటికి తగిలి, ఆ కంటి చూపు చాలావరకు పోయింది. తర్వాత ఓ రోజు తుంపరలో కారు నడుపుతుంటే వైపర్లు ఆగకుండా అటూ ఇటూ ఊగడం ఆయన కంటికి ఇబ్బందిగా ఉండి, కనురెప్ప ఇలా ఆపకుండా కొట్టుకోదు కదా, అవసరమైనప్పుడే ఒక్కసారి కొట్టి ఊరుకుంటుంది కదా అనిపించిందట. 1964లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు, 1967లో వచ్చింది. అప్పటికే కార్ల కంపెనీలకి తన వైపర్ చూపించి ఉన్నాడు. కొన్నేళ్లకి వాళ్లు తమ కార్లలో అలాంటివే పెట్టుకోవడం మొదలుపెట్టారు, ఈయనకి మాత్రం పైసా రాలేదు. 1978లో ఫోర్డ్ మీద కేసు వేశాడు. అందులో ఉన్నవన్నీ బజార్లో దొరికే రెసిస్టర్లూ కెపాసిటర్లూ ట్రాన్సిస్టర్లేగా, ఇందులో కొత్తగా కనిపెట్టిందేముంది అనేది అవతలి వాదన. పన్నెండేళ్ల తర్వాత 1990లో ఫోర్డ్ కోటీ రెండు లక్షల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది, ఆ తర్వాత క్రిస్లర్ మీద కూడా గెలిచాడు. 2005లో పోయాడు. నేను కూడా ఆ మామూలు పార్టులే ఓ ప్లాస్టిక్ కవర్లో వేసుకుని ఇంటికొచ్చాను కాబట్టి, అవన్నీ బల్ల మీద పోస్తే వైపర్ అయిపోదని అనుభవంతో చెప్పగలను.

ఎందుకో చెప్పాలంటే వైపర్ మోటారు ఎలా పనిచేస్తుందో చెప్పాలి. నేను మొదట అనుకున్నది ఏమిటంటే, టైమర్ మోటారుకి కాసేపు కరెంటు ఇస్తుంది, బ్లేడు వెళ్లి వెనక్కి రాగానే ఆపేస్తుంది. అయితే బ్లేడు సరిగ్గా ఎప్పుడు ఇంటికి, అంటే అద్దం కింద తను పడుకునే చోటికి, చేరిందో టైమర్‌కి ఎలా తెలుస్తుంది? బ్యాటరీ నిండుగా ఉంటే ఒకలా, రాత్రి లైట్లు వేస్తే ఒకలా, అద్దం పొడిగా ఉంటే ఇంకోలా, ప్రతిసారీ వేగం మారుతుంది. టైమర్‌ని నమ్ముకుంటే బ్లేడు రోజుకో చోట, సరిగ్గా మన ముక్కుకి ఎదురుగా ఆగుతుంది. ఈ సమస్య గురించి రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను, చివరికి చూస్తే దానికి సమాధానం కారులో మొదటి నుంచీ ఉంది.

మీ కారులో వైపర్ సగంలో ఉండగా స్విచ్ ఆపేసి చూడండి. అక్కడికక్కడ ఆగదు, చుట్టు పూర్తి చేసుకుని కిందకొచ్చి పడుకుంటుంది. స్విచ్ ఆపేశాక కూడా దానికి కరెంటు ఎక్కడిది? మోటారు లోపల గేరు చక్రం మీద ఓ రాగి రేకు, దాని మీద రాసుకుంటూ ఉండే కాంటాక్టులు ఉంటాయి. బ్లేడు ఇంటి బయట ఉన్నంతసేపూ ఆ కాంటాక్టు ప్లస్‌కి కలిసి ఉంటుంది, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా సరే ఆ దారిన మోటారుకి కరెంటు అందుతూనే ఉంటుంది. బ్లేడు ఇంటికి చేరగానే అదే కాంటాక్టు ప్లస్ వదిలేసి ఎర్త్‌కి, అంటే బ్యాటరీ మైనస్ కలిసి ఉండే కారు బాడీకి, అంటుకుంటుంది. ఇక్కడ అసలు అందం ఏమిటంటే, అప్పుడు మోటారు రెండు కొసలూ ఎర్త్‌కే కలిసిపోతాయి, తిరుగుతున్న మోటారు ఆ క్షణంలో డైనమోలా కరెంటు పుట్టించి ఆ కరెంటుతో తనకు తానే బ్రేకు వేసుకుంటుంది. అందుకే అది జారకుండా టక్కున ఒకే చోట ఆగుతుంది.

అంటే టైమర్ చేయాల్సింది చాలా చిన్న పని. మిట్ట మీద ఆగిన బండిని ఒక్క తోపు తోస్తే మిగతాది అదే దొర్లుకుంటూ పోయినట్టు, వైపర్‌ని ఇంటి గడప దాటేదాకా ఒక్క క్షణం నెడితే చాలు, తిరిగి రావడం దానికి తెలుసు. స్లో స్పీడులో నిమిషానికి 45 సార్లు అనుకుంటే ఒక్క చుట్టుకి సుమారు 1.3 సెకన్లు. కాబట్టి నెట్టడం ఒక సెకను లోపే అయిపోవాలి, అంతకంటే ఎక్కువైతే ఇంటికొచ్చిన వైపర్‌ని మళ్లీ బయటికి గెంటినట్టవుతుంది.

ఇది అర్థమయ్యాక ఇంక నన్నెవరూ ఆపలేకపోయారు. ఇంట్లో ఉన్న నాలుగు కాళ్ల రిలే ఒకటి తీసి, ఓ పక్క 12 వోల్టులు, ఇంకో పక్క మోటారు స్లో వైరు, ఒక్క టచ్ ఇచ్చి చూద్దాం అని కీ తిప్పాను. టప్ అని చిన్న శబ్దం. ఫ్యూజు పోయింది. వైరు తప్పు కలిపానేమో అనుకుని మళ్లీ చూసుకుని, కొత్త ఫ్యూజు వేసి మళ్లీ ఇచ్చాను. మళ్లీ టప్. మూడో ఫ్యూజు లేదు కాబట్టి ఆగాను, ఉంటే అదీ వేసేవాడినే.

బాబాయ్‌కి ఫోన్ చేస్తే ఆయన కారు చూడకుండానే, "నాలుగు కాళ్ల రిలే పెట్టుంటావ్" అన్నారు. "ఐదు కాళ్లది తెచ్చుకో. ఆ మధ్య కాలు వాడు ఊరికే పెట్టలా."

ఫోన్ పెట్టేశాక బాబాయ్ చేతికర్ర లేకుండా పాఠం చెప్పే మాస్టారిలా అనిపించారు. జరిగింది ఏమిటంటే, ఇందాక చెప్పానే, బ్లేడు ఇంట్లో ఉన్నప్పుడు మోటారు వైరు ఎర్త్‌కి కలిసి ఉంటుందని, నేను ఆ ఎర్త్ విడదీయకుండానే దాని మీదకి తిన్నగా 12 వోల్టులు పంపాను. అంటే బ్యాటరీ ప్లస్‌ని తీసుకెళ్లి ఎర్త్‌కి అంటించడమే, ఫ్యూజు పోక ఏం చేస్తుంది. ఐదు కాళ్ల రిలేలో మధ్య కాలు, దాని మీద 87ఎ అని రాసుంటుంది, రిలే నిద్రపోతున్నప్పుడు 30 అనే కాలుతో కలిసి ఉంటుంది. రిలే లేచినప్పుడు 30 దాన్ని వదిలి 87కి అంటుకుంటుంది. కాబట్టి మోటారుకి వెళ్లే స్లో వైరుని కోసి, మోటారు వైపు కొస 30కి, స్విచ్ వైపు కొస 87ఎకి, మోటారు సాకెట్లోనే ఉన్న ఇగ్నిషన్ ప్లస్ వైరు నుంచి ఓ పాయ తీసి 87కి. అయిపోయింది. ముందు ఎర్త్ దారి తెగుతుంది, తర్వాత ప్లస్ అందుతుంది, రిలే పడుకోగానే పాత దారి పాతలాగే ఉంటుంది. ఇందులో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, రేపు నా టైమర్ చచ్చిపోయినా కారుకి ఆ సంగతే తెలియదు, స్లో, ఫాస్ట్ ఎప్పటిలా పనిచేస్తాయి.

ఇక్కడ ఒక మాట, ఇది చదివి మీరూ వైరు కోసేముందు మీ బండిలో స్విచ్ ప్లస్ వైపు ఉందో ఎర్త్ వైపు ఉందో చూసుకోండి. కొన్ని బండ్లలో మోటారుకి ప్లస్ ఎప్పుడూ ఉంటుంది, స్విచ్ ఎర్త్‌ని కలుపుతుంది, అప్పుడు ఇదంతా తలకిందులు. మా దాంట్లో మోటారుకి ఐదు వైర్లు. ఏది ఏదో తెలుసుకోవడానికి మల్టీమీటరు పట్టుకుని, మా అబ్బాయిని లోపల కూర్చోబెట్టి "స్లో... ఆఫ్... ఫాస్ట్" అని అరుస్తూ ఓ ఆదివారం పొద్దున్న గడిపాను. బ్లేడు ఇంట్లో ఉంటే సున్నా, బయట ఉంటే 12 చూపించే వైరు దొరికిందంటే మిగతావి తేలిపోతాయి.

టైమర్ కోసం 555 చిప్పే వాడాను. హాన్స్ కామెన్‌జిండ్ అనే ఆయన 1971లో డిజైన్ చేసింది, 1972 నుంచి బజార్లో ఉంది, ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్న ప్రతివాడూ దీంతో ఓ లైటు మినుకుమినుకుమనిపించే ఉంటాడు. ఇప్పుడు ఈ పనికి మైక్రోకంట్రోలర్ వాడొచ్చు, ప్రోగ్రాం రాయొచ్చు, తెలుసు. నాకు నాబ్ తిప్పితే మారేది కావాలి, అంతకుమించి తెలివి అక్కర్లేదు. పార్టులు హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాను. ఆ సందులో అడుగుపెడితే ఒక్క చిప్పు కోసం వెళ్లినవాడు సంచీతో బయటికొస్తాడు, నేనూ అంతే.

555ని పుస్తకంలో బొమ్మ చూసి మామూలుగా కలిపితే ఒక చిక్కుంది. పక్కన పెట్టిన కెపాసిటర్‌లో కరెంటు నిండేంతసేపు అది ఆన్, ఖాళీ అయ్యేంతసేపు ఆఫ్. అలా ఆన్‌లో ఉండే సమయం ఎప్పుడూ ఆఫ్ సమయం కంటే ఎక్కువే వస్తుంది. మనకి కావాల్సింది సరిగ్గా దానికి తిరగేసి, ముప్పావు సెకను ఆన్, తర్వాత పదిహేను సెకన్ల నిద్ర. దీనికి విరుగుడు కరెంటుని ఒకవైపే వెళ్లనిచ్చే, రూపాయి ఖరీదు చేసే డయోడ్. దాన్ని చిప్పు 7, 6 కాళ్ల మధ్య ఉన్న రెసిస్టర్‌కి పక్కనే, గీత ఉన్న వైపు 6కి వచ్చేలా పెడితే కెపాసిటర్ నిండేటప్పుడు కరెంటు డయోడ్ గుండా అడ్డదారిలో వెళ్తుంది, ఖాళీ అయ్యేటప్పుడు ఆ దారి మూసుకుపోయి రెసిస్టర్ గుండానే రావాలి. నిండటానికి ఒక రెసిస్టర్, ఖాళీ కావడానికి ఇంకోటి, దేని లెక్క దానిదే. లెక్క కూడా తేలికే, ఓమ్‌లని ఫారడ్‌లతో గుణించి, వచ్చినదాన్ని మళ్లీ 0.693తో గుణిస్తే సెకన్లు. పైన, అంటే నిండే దారిలో, 22 కిలో ఓమ్‌లు, కెపాసిటర్ 47 మైక్రోఫారడ్‌లు పెడితే 0.7 సెకన్ల నెట్టుడు. కింద, అంటే ఖాళీ అయ్యే దారిలో, 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దానికి వరసలో 500 కిలో ఓమ్‌ల వాల్యూమ్ కంట్రోల్. నాబ్ ఒక కొసన ఉంటే ఒకటిన్నర సెకన్ల విరామం, ఇంకో కొసకి తిప్పితే దాదాపు 18 సెకన్లు. ఇంకో లాభం కూడా ఉంది, నేను ముందుగా అనుకోలేదు గానీ. టైమర్ ఆన్ చేయగానే కెపాసిటర్ ఖాళీగా ఉంటుంది కాబట్టి మొట్టమొదట జరిగేది నెట్టుడే. నాబ్ తిప్పిన వెంటనే వైపర్ ఒకసారి తుడుస్తుంది, 18 సెకన్లు ఎదురుచూడక్కర్లేదు.

మొదటిసారి మాత్రం 47 బదులు డబ్బాలో చేతికి దొరికిన 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెట్టాను. ఏమవుతుందిలే అనుకున్నా. నెట్టుడు ఒకటిన్నర సెకన్లయి, వైపర్ ప్రతిసారీ రెండేసి సార్లు తుడిచి ఆగేది. చూడ్డానికి ఎవరికో నమస్కారం పెట్టి మళ్లీ గుర్తొచ్చి ఇంకోసారి పెట్టినట్టుంది. మా అబ్బాయి అదే బాగుందన్నాడు.

రిలే కాయిల్‌ని, అంటే దాన్ని లేపే తీగచుట్టని, కొలిస్తే 85 ఓమ్‌లు వచ్చింది. ఇంజన్ ఆన్‌లో ఉంటే కారులో 14 వోల్టుల దాకా ఉంటుంది, అంటే 165 మిల్లీ ఆంపియర్లు. 555 గరిష్ఠంగా 200 దాకా మోస్తుంది అంటారు గానీ అంచుదాకా తీసుకెళ్లడం నాకిష్టం లేదు, పైగా డాష్‌బోర్డు వెనక మే నెల ఎండకి ఎలా ఉంటుందో మనకి తెలుసు. మధ్యలో ఆ కరెంటు మోయడానికి ఓ ఎస్ఎల్100 ట్రాన్సిస్టర్ పెట్టి, దాని బేస్‌కి కిలో ఓమ్ రెసిస్టర్ ఇచ్చాను. రిలే కాయిల్‌కి అడ్డంగా తిరగేసిన డయోడ్ తప్పనిసరి, లేకపోతే రిలే పడుకున్నప్పుడల్లా కాయిల్ వెనక్కి తన్నే వోల్టేజీ ట్రాన్సిస్టర్ ప్రాణం తీస్తుంది. టైమర్‌కి వచ్చే సప్లైలో 47 ఓమ్‌ల రెసిస్టర్, వోల్టేజీని అంతకు మించి పెరగనివ్వని 15 వోల్టుల జీనర్ డయోడ్, ఓ 100 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఇందాక తీసేసిన కెపాసిటరే, వృథా పోలేదు. కారు కరెంటు ఇంట్లో అడాప్టర్ కరెంటు లాంటిది కాదు, హారన్ కొట్టినా సెల్ఫ్ కొట్టినా అందులో బోలెడు చెత్త వస్తుంది.

ఒక్క లోపం తర్వాత తెలిసింది. టైమర్ ఆన్‌లో ఉండగా ఫాస్ట్ వేస్తే, మోటారులో స్లో బ్రష్‌కీ ఫాస్ట్ బ్రష్‌కీ, అంటే ఒక్కో స్పీడుకి లోపలికి కరెంటు అందించే ముక్కలకి, ఒకేసారి 12 వోల్టులు అందుతాయి. అది మోటారుకి మంచిది కాదు, రెండు బ్రష్‌ల మధ్య అనవసరంగా కరెంటు చక్కర్లు కొడుతుంది. గుర్తుపెట్టుకుని ఆపేస్తాలే అనుకున్నాను గానీ, కుండపోత మొదలైనప్పుడు ఎవరికి గుర్తుంటుంది? ఇంకో చిన్న రిలే పెట్టాను, ఫాస్ట్ వైరులో కరెంటు వచ్చిందంటే అది టైమర్ సప్లైని కట్ చేస్తుంది.

నాబ్ సంగతి. వాల్యూమ్ కంట్రోల్ కూడా స్విచ్ ఉన్నది తీసుకున్నాను, పాత రేడియోల్లో ఎడమకి పూర్తిగా తిప్పితే టిక్ మని ఆగిపోయేదే, అలాంటిది. పైన బిగించిన నాబ్ నిజంగానే మా తాతయ్య రేడియోది. రేడియో ఏనాడో పోయింది, నాబ్ మాత్రం సొరుగులో మిగిలింది. డాష్‌బోర్డుకి రంధ్రం చేయడానికి మనసొప్పక, హీటర్ పక్కన ఖాళీగా ఉన్న ఉత్తుత్తి స్విచ్ మూత తీసి దానికే రంధ్రం పెట్టాను, రేపు వద్దనుకుంటే ఆ మూత మారిస్తే సరి. ఖర్చు మొత్తం 250 రూపాయల లోపు, ఫ్యూజులతో కలిపి. వైపర్ రబ్బర్లు కొత్తవి వేయించడానికి అంతకంటే ఎక్కువైంది, అవి మాత్రం మార్చాల్సిందే. రబ్బరు గట్టిపడితే ఎంత ఆగి ఆగి తుడిచినా గీతలే.

బిగించడం అయ్యాక, ఎప్పుడూ జరిగేదే, మూడు వారాలు చుక్క వాన లేదు. మగ్గుతో నీళ్లు చిలకరిస్తూ పరీక్షలు చేశాను. పక్కింటాయన చూసి కారు కడుగుతున్నాననుకుని, "వైపర్ ఆపి కడుక్కోవచ్చు కదండీ" అన్నారు.

కిందటి వారం హైదరాబాద్ బయల్దేరితే నందిగామ దాటాక పట్టుకుంది ముసురు. నాబ్ టిక్ మనిపించాను. వైపర్ ఒకసారి తుడిచి, వెళ్లి పడుకుంది. ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కపెడుతున్నాను, తొమ్మిది దగ్గర మళ్లీ లేచింది. జగ్గయ్యపేట దగ్గర కాస్త చిక్కబడింది, కొంచెం తిప్పాను. కోదాడ దాటాక లారీ వెనక పడితే దాని టైర్ల నుంచి లేచే నీళ్లకి ఇంకొంచెం తిప్పాల్సి వచ్చింది. నాబ్ మధ్యలో ఉండటంతో మా ఆవిడ చేతికే దగ్గర. నకిరేకల్ వచ్చేసరికి నేను తిప్పడం మానేశాను, ఆవిడే అద్దం వైపు చూస్తూ, రేడియో స్టేషన్ పట్టుకుంటున్నట్టు అటో ఇటో తిప్పుతోంది. ఓ గంట తర్వాత, "ఏవండీ, దీన్ని దానంతటదే తిరిగేలా చేయలేరూ?" అంది.